గాలుల లెక్కలు రాసిన గిల్బర్ట్ వాకర్
(1868 - 1958)



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏటా ఒక మహనీయుని జీవిత చరిత్ర వేయడం ఆనవాయితీ. బాబాసాహెబ్ అంబేద్కర్, జ్యోతిరావు ఫూలే, సావిత్రీబాయి, మహాకవి జాషువా వంటి వారి గురించి మన అన్నలు ఎంతో బాగా రాశారు. ఈసారి నేను ఒక తెల్లదొర గురించి రాస్తానంటే సంచిక పనులు చూస్తున్న తమ్ముళ్లు నా ముఖంలోకి వింతగా చూశారు. ఎందుకు రాయాలనిపించిందో ముందుగా చెబుతాను.

నేను ఫిల్మ్‌నగర్‌లో ఉంటాను. సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో సెట్ అసిస్టెంట్‌గా పని చేస్తాను. 2024 జనవరి మొదట్లో ఒక పాట కోసం మా యూనిట్ గుల్‌మార్గ్ వెళ్ళింది. హీరో హీరోయిన్లు మంచులో దొర్లాలి. తీరా వెళ్ళి చూస్తే కొండలన్నీ ఎండుగడ్డితో గోధుమ రంగులో ఉన్నాయి. గుర్రాలవాళ్ళు, స్లెడ్జి బళ్ళవాళ్ళు పనిలేక చేతులు ముడుచుకుని కూర్చున్నారు. నాలుగు రోజులు ఆకాశం వైపు చూసి తిరిగొచ్చేశాం. చివరికి జూబ్లీహిల్స్‌లోని ఒక స్టూడియో ఫ్లోర్‌లో ఉప్పు, థర్మకోల్ పొడి, నురగ మిషను పెట్టి మేమే మంచు కురిపించాం. ఆ ఏడు సంక్రాంతికి ఫిల్మ్‌నగర్ గుట్టల మీద కూడా చలి అంతగా లేదు. స్వెట్టర్లు పెట్టెలోనే ఉండిపోయాయి. రాత్రిళ్ళు ఫ్యాను వేసుకుని పడుకున్నాం.

ఎక్కడో కాశ్మీర్‌లో మంచు పడకపోవడానికి, ఇక్కడ చలి లేకపోవడానికి సంబంధం ఏమైనా ఉందా అని, కాలేజీలో భూగోళశాస్త్రం చెబుతున్న మన హాస్టల్ మిత్రుడిని అడిగాను. అతను నాకు మొదటిసారి గిల్బర్ట్ వాకర్ పేరు చెప్పాడు. అంతేకాదు, 1987లో వచ్చిన కరువు కూడా వాకర్ కనిపెట్టిన గాలుల ఊగిసలాటతో ముడిపడిందేనని చెప్పాడు. ఆ మాట విని నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఎందుకంటే 1987లోనే మా అమ్మానాన్న పాలమూరు జిల్లా నుండి వలస వచ్చి ఈ జూబ్లీహిల్స్ బండలు కొట్టే పనిలో చేరారు. మరుసటి ఏడే నన్ను హాస్టల్‌లో వేశారు. మీలో చాలామంది ఇళ్ళలో కూడా ఇలాంటి కథే ఉంటుంది. మన అమ్మానాన్నల బతుకులను అటూ ఇటూ తోసిన గాలిని లెక్క కట్టిన మనిషి గురించి మనం తెలుసుకోవద్దా?

బాల్యం - విద్యాభ్యాసం

గిల్బర్ట్ థామస్ వాకర్ 1868 జూన్ 14న ఇంగ్లండ్‌లోని లాంకషైర్ ప్రాంతంలో రాచ్‌డేల్ అనే ఊరిలో జన్మించారు. తండ్రి థామస్ వాకర్ ఇంజనీరు. పిల్లలు ఎక్కువగా ఉన్న కుటుంబం. గిల్బర్ట్‌కు చిన్నతనం నుండి లెక్కలన్నా, తిరిగే బొంగరాలన్నా మహా ఇష్టం. లండన్‌లోని సెయింట్ పాల్స్ పాఠశాలలో స్కాలర్‌షిప్ మీద చదువుకున్నారు. అక్కడే సొంతంగా ఒక గైరోస్కోపు తయారు చేసి ఉపాధ్యాయుల మెప్పు పొందారు.

తరువాత కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో చేరి 1889లో గణిత పరీక్షలో విశ్వవిద్యాలయం మొత్తానికి ప్రథముడుగా నిలిచారు. అలా మొదటి స్థానం వచ్చిన వారిని అక్కడ సీనియర్ రాంగ్లర్ అంటారు. అయితే మితిమీరిన చదువుతో ఆరోగ్యం దెబ్బతిన్నది. డాక్టర్ల సలహాపై మూడు శీతకాలాలు స్విట్జర్లాండ్‌లో గడిపారు. అక్కడి మంచులో స్కేటింగ్ నేర్చుకుని అందులో మంచి నేర్పరి అయ్యారు. తన ప్రాణాన్ని నిలబెట్టిన ఆ మంచు శీతకాలాలు ఏ గాలి వల్ల వస్తాయో, ఏ గాలి వల్ల రాకుండా పోతాయో ముప్పై ఏళ్ళ తరువాత తానే చెప్పవలసి వస్తుందని అప్పుడు ఆయనకు తెలియదు.

తిరిగి వచ్చి ట్రినిటీలోనే అధ్యాపకులయ్యారు. గాలిలోకి విసిరితే తిరిగి చేతికే వచ్చే ఆస్ట్రేలియా ఆదివాసుల బూమరాంగ్ మీద ఆయనకు పిచ్చి మోజు. కాలేజీ వెనుక పచ్చిక బయళ్ళలో గంటల కొద్దీ విసిరేవారు. దాని వెనుక ఉన్న గణితాన్ని 1897లో పరిశోధనా వ్యాసంగా ప్రకటించారు. అందుకే స్నేహితులు ఆయనను బూమరాంగ్ వాకర్ అని పిలిచేవారు. వేణువు వాయించడం, దాని తయారీలో మార్పులు చేయడం కూడా ఆయన అలవాట్లలో ఒకటి.

కరువు పిలిచిన ఉద్యోగం

ఇక్కడ మన దేశం సంగతి కొంత చెప్పుకోవాలి. 1876 నుండి 1878 వరకు దక్షిణ భారతంలో ఘోరమైన కరువు వచ్చింది. ధాత నామ సంవత్సరంలో మొదలైన ఆ కరువు కర్నూలు, బళ్ళారి, కడప, నెల్లూరు జిల్లాలనూ, నైజాం రాజ్యాన్నీ పట్టి పీడించింది. దేశం మొత్తం మీద యాభై లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. ముందుగా చనిపోయింది భూమి లేని కూలీలు, మన పేటల్లోని జనం. ఒకవైపు ఓడల్లో ధాన్యం విదేశాలకు ఎగుమతి అవుతూనే ఉంది. కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మగకూలీకి రోజుకు సుమారు 450 గ్రాముల ధాన్యం, ఒక అణా చాలునని సర్కారు నిర్ణయించింది. వాన ఎగ్గొట్టింది ప్రకృతి అయితే, కూడు ఎగ్గొట్టింది పాలన. ఈ రెండింటినీ మనం వేరువేరుగా గుర్తు పెట్టుకోవాలి.

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. దాని మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్. హిమాలయాల మీద మంచు ఎక్కువగా పడితే తరువాత వచ్చే వానాకాలం బలహీనంగా ఉంటుందని ఆయన గమనించి, దాని ఆధారంగా వానల ముందస్తు అంచనాలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆయన తరువాత వచ్చిన జాన్ ఎలియట్ మరికొన్ని అంశాలు కలిపారు. కానీ 1899లో వానలు పూర్తిగా మొండిచేయి చూపాయి, అంచనా తప్పింది, మళ్ళీ లక్షల ప్రాణాలు పోయాయి. వాతావరణ శాఖ మీద అందరి నమ్మకం సడలింది.

పదవీ విరమణ చేయబోతున్న ఎలియట్ తన స్థానంలోకి వాతావరణ నిపుణుడిని కాకుండా గణిత పండితుడిని వెతికారు. అలా వాతావరణ శాస్త్రంలో ఓనమాలు కూడా రాని గిల్బర్ట్ వాకర్ 1904లో భారత అబ్జర్వేటరీల డైరెక్టర్ జనరల్‌గా సిమ్లా చేరారు. అప్పటికి ఆయన వయసు 35 సంవత్సరాలు. అదే ఏడు ఆయన రాయల్ సొసైటీ సభ్యులుగా ఎన్నికయ్యారు. ఇరవై ఏళ్ళపాటు మన దేశంలోనే పని చేశారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ నది పొంగి హైదరాబాద్‌లో వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు దేశ వాతావరణ శాఖకు అధిపతి ఆయనే. వానలు మొహం చాటేసిన 1918 కరువు నాడూ ఆయనే.

గుమాస్తాల చేతి లెక్కలు

వానాకాలం ఎలా ఉంటుందో సిద్ధాంతం ద్వారా చెప్పడం అప్పటికి సాధ్యం కాదని వాకర్ గ్రహించారు. సముద్రాలను, గాలులను కలిపి సమీకరణాలుగా రాసి సాధించే యంత్రాలు ఆ రోజుల్లో లేవు. అందుకని ఆయన ఒక తెలివైన దారి పట్టారు. ప్రపంచంలో ఎక్కడెక్కడ వాయుపీడనం, వర్షపాతం, ఉష్ణోగ్రత కొలుస్తున్నారో అక్కడి నుండి దశాబ్దాల లెక్కలన్నీ తెప్పించారు. ఒక ఊరి లెక్క పెరిగినప్పుడు మరో ఊరి లెక్క పెరుగుతోందా, తగ్గుతోందా అని జంటలు జంటలుగా పోల్చి చూశారు. దీనినే సహసంబంధం అంటారు.

ఈ పని చెప్పినంత తేలిక కాదు. కంప్యూటర్లు లేవు. కాలిక్యులేటర్లు లేవు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో శాఖలోని శాస్త్రజ్ఞులు చాలామంది యుద్ధం పనుల మీద వెళ్ళిపోయారు. మిగిలింది భారతీయ గుమాస్తాలు. వాళ్ళు వరుసగా బల్లల ముందు కూర్చుని, కాగితాల మీద పెన్సిళ్ళతో కూడికలు, గుణకారాలు, వర్గమూలాలు వేల సంఖ్యలో చేశారు. సైన్సు పుస్తకాల్లో వాకర్ పేరు మిగిలింది, ఆ గుమాస్తాల పేర్లు చాలావరకు మిగల్లేదు. సినిమా చివర్లో పేర్లు పడేటప్పుడు జనం లేచి వెళ్ళిపోతారు. ఆ పేర్లలో ఉండేవాడిని కాబట్టి నాకు ఈ సంగతి బాగా తగిలింది.

వాకర్ చేసిన మరో మంచి పని, తన లెక్కలను తానే అనుమానించడం. వందల జంటలను పోల్చి చూస్తే వాటిలో కొన్ని కేవలం అదృష్టవశాన కూడా కలుస్తాయి. ఫిల్మ్‌నగర్‌లో మాకు ఇది బాగా తెలుసు. ఫలానా అక్షరంతో పేరు మొదలైతే హిట్టు, ఫలానా తేదీన కొబ్బరికాయ కొడితే హిట్టు అని సెంటిమెంట్లు చెప్పేవారు చాలామంది. వంద సెంటిమెంట్లు పరీక్షిస్తే నాలుగైదు నిజమైనట్టే కనిపిస్తాయి. అంతమాత్రాన వాటిలో కారణం ఉన్నట్టు కాదు. ఎన్ని జంటలు పరీక్షిస్తే ఎంత పెద్ద సంబంధం ఊరికే యాదృచ్ఛికంగా వస్తుందో వాకర్ 1914లోనే లెక్క గట్టి చూపించారు. ఆ జల్లెడలో నిలిచిన వాటినే నమ్మారు.

అలా ఏరగా ఏరగా హిమాలయాల మంచుతో పాటు మారిషస్ దీవిలోని వాయుపీడనం, దక్షిణ అమెరికాలోని వాయుపీడనం, ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ వర్షం వంటివి మన వానాకాలానికి ముందస్తు గుర్తులుగా తేలాయి. దేశమంతటికీ ఒకే అంచనా పనికిరాదని కూడా ఆయనకు అర్థమైంది. అందుకే దక్షిణ ద్వీపకల్పానికి, వాయవ్య భారతానికి విడివిడిగా లెక్కలు కట్టారు.

మూడు ఊయలలు

ఈ పోలికలు చేస్తూ చేస్తూ ఆయన ఒక పెద్ద విషయం కనుగొన్నారు. 1923, 1924 సంవత్సరాల్లో ప్రపంచ వాతావరణం పేరుతో వెలువరించిన వ్యాసాల్లో దానిని ప్రకటించారు. భూమి మీద వాయుపీడనం మూడు చోట్ల ఊయల ఊగుతున్నట్టు మారుతూ ఉంటుంది. ఒక కొస లేస్తే రెండో కొస దిగుతుంది.

వీటిలో అతి పెద్దది దక్షిణ డోలనం. పసిఫిక్ మహాసముద్రంలో పీడనం పెరిగిన ఏడాది హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుంది. అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతుంది. ఇక్కడ పీడనం పెరిగిందంటే మన వానలకు గండి పడినట్టే.

రెండవది ఉత్తర అట్లాంటిక్ డోలనం. ఇది ఐస్‌లాండ్ దగ్గరి అల్పపీడనానికి, అజోర్స్ దీవుల దగ్గరి అధికపీడనానికి మధ్య జరిగే ఊగిసలాట. రెండింటి మధ్య తేడా పెరిగితే పడమటి గాలులు బలంగా వీచి సముద్రం మీది గోరువెచ్చని తేమగాలిని ఐరోపా లోపలికి తోస్తాయి. అప్పుడు అక్కడ శీతకాలం వెచ్చగా, చాలాచోట్ల మంచు లేకుండా గడిచిపోతుంది. తేడా తగ్గితే ఆ గాలులు నీరసించి, ఉత్తరం నుండి, తూర్పు నుండి చలి లోపలికి దూరుతుంది. మూడవది ఉత్తర పసిఫిక్ డోలనం.

ఇది ఎంత నిజమో తెలియడానికి 2019-20 శీతకాలం చాలు. ఆ ఏడు ఉత్తర అట్లాంటిక్ ఊయల ఒకవైపే బలంగా మొగ్గింది. ఐరోపా అప్పటివరకు ఎరుగనంత వెచ్చటి శీతకాలం వచ్చింది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో దాదాపు మంచే లేదు. మాస్కోలో కొత్త సంవత్సరం అలంకరణ కోసం లారీల్లో కృత్రిమ మంచు తెచ్చి పోశారు. ఆ వార్త చదివినప్పుడు మా స్టూడియో ఫ్లోరే నాకు గుర్తుకు వచ్చింది. ఇంకా విచిత్రమేమిటంటే, దీని మూలాల్లో ఒకటి మన హిందూ మహాసముద్రంలోనే ఉందని శాస్త్రజ్ఞులు తరువాత చూపించారు. 2019 చివర్లో మన సముద్రం ఆఫ్రికా వైపు బాగా వేడెక్కి, సుమత్రా వైపు చల్లబడింది. ఆ తేడా పైగాలుల్లో అలలు పుట్టించి అట్లాంటిక్ వరకు ప్రభావం చూపింది. చెరువులో ఒక మూల రాయి వేస్తే అవతలి గట్టున తామరాకు కదిలినట్టు.

మరి గుల్‌మార్గ్ సంగతి? కాశ్మీర్‌కు మంచు తెచ్చేవి మధ్యధరా సముద్రం వైపు నుండి వచ్చే పశ్చిమ అలజడులు. ఆకాశంలో చాలా ఎత్తున పరుగెత్తే జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం వాటిని మోసుకొస్తుంది. 2024 జనవరిలో బలమైన అలజడులు రాలేదు. వాయవ్య భారతంలో ఆ నెల కురిసిన వాన, మంచు కలిపితే 3.1 మిల్లీమీటర్లు మాత్రమే. 1901 తరువాత అది రెండవ అత్యల్పం. దీనికి కారణాలుగా అలజడులు లేకపోవడంతో పాటు ఎల్ నినోను, జెట్ స్ట్రీమ్ తీరును వాతావరణ శాఖ పేర్కొంది. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. గతంలో చాలా ఎల్ నినో శీతకాలాల్లో పశ్చిమ హిమాలయాల్లో మంచు కాస్త ఎక్కువే పడింది. అంటే ఎల్ నినో వస్తే మంచు ఉండదని సూత్రం రాసుకోకూడదు. ఈ పెద్ద ఊయలలు పాచికల బరువును మారుస్తాయే గాని ఏ పందెం పడుతుందో ముందే ఖాయం చేయవు. ఒక ఊయల ఇటు లాగితే మరొకటి అటు లాగవచ్చు. వీటన్నిటికీ అడుగున భూమి మొత్తం వేడెక్కడం అనేది మెట్టు తరువాత మెట్టుగా పైకి పోతూనే ఉంది. 1901 నుండి ఉన్న లెక్కల్లో 2024 మన దేశానికి అప్పటివరకు అత్యంత వేడి సంవత్సరం.

హైదరాబాద్ చలి సంగతి కూడా ఇలాంటిదే. ఉత్తరం నుండి పొడిగాలి వీచి, ఆకాశం నిర్మలంగా ఉంటే రాత్రిపూట నేల వేడి పైకి పోయి మనకు వణుకు పుడుతుంది. గాలి బంగాళాఖాతం వైపు తిరిగి తేమను, మబ్బును తెస్తే అవి నేల మీద రగ్గు కప్పినట్టు పని చేస్తాయి. చలి తగ్గుతుంది. ఏ ఏడు ఏ గాలి ఎక్కువ రోజులు వీస్తుందన్నది మళ్ళీ ఆ దూరపు సముద్రాల మీద కొంత ఆధారపడి ఉంటుంది.

రామానుజన్‌కు అండ

వాకర్ జీవితంలో మన హాస్టల్ విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన సంఘటన ఒకటి ఉంది. 1913 ఫిబ్రవరిలో ఆయన ఉద్యోగరీత్యా మద్రాసు వెళ్ళారు. అక్కడి పోర్టు ట్రస్టు ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ తమ ఆఫీసులో నెలకు 30 రూపాయల జీతం మీద పనిచేస్తున్న ఒక గుమాస్తా లెక్కల పుస్తకాలు ఆయనకు చూపించారు. ఆ గుమాస్తా పేరు శ్రీనివాస రామానుజన్. గణితం తప్ప మిగతా సబ్జెక్టుల్లో తప్పి, కాలేజీ పరీక్ష గట్టెక్కలేని కుర్రవాడు.

వాకర్ గొప్ప గణిత పండితుడే అయినా రామానుజన్ పని చేస్తున్న శాఖ ఆయనది కాదు. ఆ సంగతి దాచుకోలేదు. దానిని తూకం వేయగలిగినవాడు కేంబ్రిడ్జిలోని హార్డీయేనని ఒప్పుకున్నారు. కానీ ఆ పుస్తకాల్లో ఉన్నది అసామాన్యమైన ప్రతిభ అని మాత్రం గుర్తించారు. ఫిబ్రవరి 26న మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాసి, ఈ యువకుడికి తిండి గురించి బెంగ లేకుండా కొన్నేళ్ళు గణితం మీదే గడిపే వీలు కల్పించమని కోరారు. డిగ్రీ లేని మనిషికి పరిశోధన స్కాలర్‌షిప్ ఇవ్వడం నిబంధనలకు కుదరని పని. అయినా విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల చొప్పున రెండేళ్ళకు మంజూరు చేసింది. మరుసటి ఏడు రామానుజన్ కేంబ్రిడ్జికి ఓడ ఎక్కారు. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు.

స్కాలర్‌షిప్ విలువ ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ట్రెజరీలో బిల్లు ఆగితే మెస్‌లో పప్పు నీళ్ళవుతుందని అనుభవించినవాళ్ళం. ఒక పెద్దాయన సంతకం ఒక మేధావిని నిలబెట్టింది. మన తాతముత్తాతల్లో ఎందరు రామానుజన్లు ఏ దొర కంటా పడకుండా, ఏ బడి గడపా తొక్కకుండా మట్టిలో కలిసిపోయారో ఎవరు లెక్క కట్టగలరు? అందుకే ఒక దొర దయ మీద ఆధారపడకుండా, హక్కుగా వచ్చే చదువు కోసం బాబాసాహెబ్ అంత పోరాటం చేయవలసి వచ్చింది.

చివరి రోజులు - ఆలస్యంగా వచ్చిన గుర్తింపు

1924లో వాకర్ పదవీ విరమణ చేశారు. బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో వాతావరణ శాస్త్ర ఆచార్యులుగా 1934 వరకు పని చేశారు. రాయల్ మెటియొరలాజికల్ సొసైటీకి అధ్యక్షులుగా కూడా ఉన్నారు. సిమ్లా కొండల మీద రెక్క ఆడించకుండా తేలిపోయే గద్దలను చూసి కలిగిన ఆసక్తి చివరిదాకా పోలేదు. ఇంజను లేని గ్లైడర్ విమానాల శాస్త్రం మీద ఎంతో శ్రద్ధ చూపేవారు.

అయితే నిజం చెప్పాలంటే ఆయన పెట్టుకున్న ఆశ ఆయన జీవితకాలంలో నెరవేరలేదు. వానలను ముందే చెప్పాలని వచ్చారు, గట్టిగా చెప్పలేకపోయారు. ఆయన ఏరిన గుర్తుల్లో కొన్ని తరువాతి సంవత్సరాల్లో బలహీనపడ్డాయి. ప్రపంచంలో ఇంత దూరదూరాల ప్రాంతాలకు వాతావరణ సంబంధం ఎలా ఉంటుందని చాలామంది తోటి శాస్త్రజ్ఞులు పెదవి విరిచారు. సంబంధం ఉందని అంకెలు చెబుతున్నాయి, కారణం మాత్రం ఆయన చూపలేకపోయారు. పసిఫిక్ సముద్ర గర్భంలో దాగిన ఆ కారణాన్ని చూడడానికి కావలసిన కొలతలు అప్పటికి లేవు. 1958 నవంబర్ 4న, 90 ఏళ్ళ వయసులో ఆయన ఇంగ్లండ్‌లో కన్నుమూశారు.

కాలం చేసిన చమత్కారం చూడండి. సరిగ్గా ఆ 1957-58 సంవత్సరాల్లోనే పసిఫిక్‌లో బలమైన ఎల్ నినో వచ్చింది. అదే సమయంలో దేశాలన్నీ కలిసి అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం పేరుతో సముద్రాలను, గాలులను కొలుస్తున్నాయి. ఆ కొలతలు పట్టుకుని జేకబ్ బ్జెర్క్‌నెస్ అనే శాస్త్రజ్ఞుడు 1960లలో ముడి విప్పారు. మామూలుగా వ్యాపార పవనాలు వేడినీటిని ఇండోనేషియా వైపు నెడతాయి. అక్కడ గాలి పైకి లేచి మబ్బులు కట్టి, పెరూ తీరం వైపు కిందికి దిగుతుంది. కొన్నేళ్ళకొకసారి ఆ పవనాలు నీరసిస్తాయి. వేడినీరు తూర్పుకు జరుగుతుంది. వానమబ్బులూ దానితోపాటే జరుగుతాయి. మన వైపు గాలి దిగడం మొదలై వానలు తగ్గుతాయి. పెరూ జాలరులు క్రిస్మస్ రోజుల్లో కనిపించే ఆ వేడినీటి ప్రవాహానికి బాల ఏసు పేరుతో ఎల్ నినో అని పేరు పెట్టుకున్నారు. వాకర్ ఊయల, జాలరుల వేడినీరు రెండూ ఒకే నాణేనికి రెండు ముఖాలు. 1969లో బ్జెర్క్‌నెస్ ఆ గాలి చక్రానికి వాకర్ ప్రసరణ అని పేరు పెట్టారు. పేరు పెట్టించుకున్న మనిషి చనిపోయి అప్పటికి పదకొండేళ్ళు.

మనం నేర్చుకోవలసింది

1877, 1918, 1987, 2002, 2009 సంవత్సరాల్లో మన వానాకాలాలు దెబ్బతిన్నాయి. ఆ సంవత్సరాలన్నింటిలోనూ ఎల్ నినో ఛాయ ఉంది. అయితే 1997లో ఎంతో బలమైన ఎల్ నినో వచ్చినా మన వానలు మామూలుగానే కురిశాయి. 2023 ఆగస్టు మాత్రం 1901 తరువాత అంత పొడిగా ఎన్నడూ గడవలేదు. ఇవాళ ఉపగ్రహాలు, సముద్రంలో తేలే యంత్రాలు, పెద్ద కంప్యూటర్లు ఉన్నాయి. ఎల్ నినో రాకను కొన్ని నెలల ముందే చెప్పగలుగుతున్నారు. ఆ కబురు అందరికంటే ముందు చేరవలసింది ఎకరం, అరెకరం మెట్టభూమి మీద జొన్నలు, కందులు వేసే మన ఇళ్ళకు. ఏ విత్తనం వేయాలి, అప్పు చేయాలా వద్దా, బస్తా కట్టుకుని పట్నం బస్సు ఎక్కాలా అన్న నిర్ణయాలు దాని మీద ఉంటాయి. 1987 మే నెలలో మా నాన్నకు ఆ కబురు తెలిసి ఉంటే కనీసం విత్తనాల అప్పు చేసి ఉండేవాడు కాదు.

వాకర్ గొప్పతనం ఏమిటని ఆలోచిస్తే నాకు మూడు విషయాలు కనిపిస్తాయి. తనకు తెలియని పనిలోకి వచ్చి మొదటినుండి నేర్చుకున్నారు. తన లెక్కను తానే పరీక్షకు పెట్టారు. తెలియని చోట తెలియదని ఒప్పుకున్నారు. అది సామ్రాజ్యం కొలువు. అయినా ఆయన, పేరు తెలియని మన గుమాస్తాలు కలిసి చేసిన లెక్క మాత్రం మనుషులందరిదీ.

తమ్ముళ్లారా, ఇప్పుడు ఫిల్మ్‌నగర్‌లో నేను పని చేసే ఫ్లోరుకు వెళ్ళే దారిలో మా అమ్మానాన్న కొట్టిన బండల మీద కట్టిన ప్రహరీ ఒకటి ఉంది. దాని పక్క నుండి పోతున్నప్పుడల్లా చలికాలం గాలి ఎటు నుండి వీస్తోందో గమనిస్తాను. మన హాస్టల్ డాబా మీద ఒక వానకొలత డబ్బా, ఒక ఉష్ణమాపకం పెట్టి రోజూ ఉదయం ఒక నోటుబుక్కులో రాయమని, వాటి ఖర్చు నేను భరిస్తానని వార్డెన్ సారుకు చెప్పాను. తొమ్మిదో తరగతి తమ్ముళ్లు ఇద్దరు ఒప్పుకున్నారు. వచ్చే ఏడు సంచికలో ఆ లెక్కలు వాళ్ళ పేర్లతోనే వేయండి. లెక్క రాసినవాళ్ళ పేరు ఈసారి పోకూడదు.